మూడు వాక్యాల పనితనం

గెజిట్‌లో అచ్చయిన వాక్యాన్ని పట్టుకుని దాని పనితనం మెచ్చుకోవడం కొందరికి విడ్డూరంగా ఉండొచ్చు. పద్యానికి రసికులుంటారు, సెక్షన్‌కు ఎవరుంటారు? అయినా 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 27వ సెక్షన్ చదివినప్పుడల్లా, ఇది రాసినవాళ్లెవరో పని తెలిసినవాళ్లే అనిపిస్తుంది. శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు ఎవరికుంటుందో చెప్పే సెక్షన్ అది. దాని పక్కన పెట్టి చూడదగ్గ వాక్యాలు మరో రెండున్నాయి. ఒకటి స్వయంప్రతిపత్తి కళాశాలల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) రాసుకున్న నిబంధనల్లో ఉంది. ఇంకొకటి అమెరికా అధ్యాపకుల సంఘం 2012లో ఇచ్చిన నివేదికలో ఉంది. మూడూ వేర్వేరు అవసరాలకు పుట్టినవే. కానీ పర్మనెంటు ఉద్యోగం లేకుండా పాఠం చెప్పే మనిషికి, ఆ పాఠం గురించి నిర్ణయాలు జరిగేచోట కుర్చీ ఉందా లేదా అన్న ప్రశ్నకు మూడూ ఎక్కడో ఒకచోట జవాబు చెబుతాయి. ఆ చెప్పిన తీరు గురించే ఈ పరిచయం.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఏ కాలేజీ స్టాఫ్ రూములోకి వెళ్లినా కూర్చున్నవాళ్లంతా పాఠాలు చెప్పేవాళ్లే. ఆఫీసు రిజిస్టర్‌లో మాత్రం వాళ్లంతా ఒకటి కాదు. రెగ్యులర్, కాంట్రాక్టు, పార్ట్ టైమ్, గెస్ట్, మేనేజ్‌మెంట్ స్టాఫ్, వ్యవసాయ కళాశాలలోనైతే టీచింగ్ అసోసియేట్. పిల్లలకు ఈ తేడాలేవీ పట్టవు, అందరూ సార్లే, అందరూ మేడమ్‌లే. ఈ వరసలన్నీ ఒక్కరోజులో రాలేదు. రాష్ట్రంలో తాత్కాలిక నియామకాలకూ, వాటిని క్రమబద్ధీకరించడానికీ 1994 చట్టం అడ్డుకట్ట వేసింది. పోస్టులు నిండక, పాఠాలు ఆగక, 2000 తర్వాత ప్రభుత్వ కాలేజీల్లో కాంట్రాక్టు లెక్చరర్ల పద్ధతి పాతుకుపోయింది. 2021లో ప్రభుత్వం ప్రైవేటు కాలేజీలకు ఇచ్చే ఎయిడ్ వెనక్కి తీసుకునే పనిలో పడినప్పుడు చాలా యాజమాన్యాలు ఎయిడ్ వదులుకున్నాయి. అక్కడి రెగ్యులర్ లెక్చరర్లు ప్రభుత్వ కాలేజీలకు తరలిపోతే, వాళ్ల క్లాసులు మేనేజ్‌మెంట్ స్టాఫ్ మీద పడ్డాయి. 2014 జూన్ 2కు ముందు నుంచి పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించడానికి 2023లో చట్టం వచ్చింది. ఆ తేదీకి ఇటువైపు చేరినవాళ్లు ఇటే మిగిలారు.

ఇక 27వ సెక్షన్ దగ్గరికి వద్దాం. రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయులు ఎన్నుకోవాలంది. సెకండరీ స్కూలుకు తగ్గని సంస్థల్లో కనీసం మూడేళ్లు బోధనలో ఉన్నవాళ్లు ఓటర్లు. వివరాలు పార్లమెంటు చూసుకోవాలని వదిలేసింది. ఇక్కడ మామూలు గుమాస్తా చేతికి కలం ఇస్తే ఏం రాసేవాడు? ‘మంజూరైన పోస్టులో నియమితులై, మూడేళ్ల సర్వీసు నిరంతరాయంగా పూర్తిచేసిన ఉపాధ్యాయులు’ అని రాసేవాడు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఎవరూ తప్పు పట్టరు. అలా రాసుంటే ఇవాళ మన స్టాఫ్ రూముల్లో సగం కుర్చీలకు ఓటు ఉండేది కాదు.

చట్టం అలా అనలేదు. అర్హత తేదీకి ముందు ఆరేళ్ల కాలం తీసుకుని, అందులో మొత్తం కలిపి మూడేళ్లు ఏదైనా గుర్తించిన సంస్థలో బోధనలో ఉండి, నియోజకవర్గంలో మామూలుగా నివసిస్తూ ఉంటే చాలంది. నియామకం మాట లేదు. పోస్టు మాట లేదు. జీతం స్కేలు మాట లేదు. నిన్ను ఎవరు వేశారు, ఏ జీవో కింద వేశారు అని ఈ వాక్యం అడగదు. ఏం పని చేశావు, ఎంతకాలం చేశావు, ఇప్పుడెక్కడ ఉంటున్నావు అని మాత్రమే అడుగుతుంది.

ఇందులో ‘మొత్తం కలిపి’ అన్న చిన్న మాట చేసే పని చూడండి. కాంట్రాక్టు మనిషి బతుకంతా బ్రేకులే. జూన్‌లో చేరతాడు, మార్చికో ఏప్రిల్‌కో ఆపేస్తారు, మళ్లీ రెన్యువల్ కోసం ఎదురుచూపు. ఏడాదికి పది నెలలు చొప్పున నాలుగు విద్యా సంవత్సరాలు చెబితే నలభై నెలలవుతాయి. కావలసింది ముప్పై ఆరు. అంటే నాలుగు వేసవులు ఇంట్లో కూర్చోబెట్టినా మనిషి ఓటర్ల జాబితాలోకి ఎక్కుతాడు. ఒక ఏడాది వర్క్‌లోడ్ లేదని పూర్తిగా పక్కన పెట్టినా, ఆరేళ్ల గడువు ఉంది కాబట్టి ఆ నష్టాన్ని పూడ్చుకోవచ్చు. ‘మొత్తం కలిపి’కి బదులు ‘ఎడతెగకుండా’ అని పడి ఉంటే, పదిహేనేళ్లు పాఠం చెప్పిన మనిషి కూడా ప్రతి జూన్‌లోనూ సున్నా దగ్గర మొదలయ్యేవాడు.

‘ఏదైనా సంస్థలో’ అన్న మాటకూ అంతే విలువుంది. తెనాలిలో ఏడాది, రేపల్లెలో ఏడాది, బాపట్లలో ఏడాది చెప్పినవాళ్లు మన వైపు కొల్లలు. పొద్దున రేపల్లె బండెక్కి వేమూరు, భట్టిప్రోలు దాటి వెళ్లి రెండు గంటలు చెప్పి, మధ్యాహ్నం తెనాలిలో ఇంకో కాలేజీకి అందుకునేవాళ్లూ ఉన్నారు. ఏ ఒక్క కాలేజీ లెక్కలో చూసినా వాళ్లు పావు మనుషులు, అర మనుషులు. ఈ సెక్షన్ ఒక్కటే ఆ ముక్కలన్నీ కలిపి ఒక నిండు మనిషిగా లెక్కగడుతుంది.

నివాసం షరతులోనూ ఒక సొగసుంది. పనిచేసింది రాష్ట్రంలో ఎక్కడైనా కావచ్చు, ఓటు మాత్రం ఇల్లున్నచోట. చీరాలలో కాపురముంటూ రోజూ బాపట్ల వచ్చి పాఠం చెప్పే లెక్చరర్‌ను తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక చీరాలా, బాపట్లా ఒకే జిల్లా. మండలి నియోజకవర్గాలు మాత్రం పాత జిల్లాల గీతల మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఆయన ఓటు ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఉంటుంది. పక్క బెంచీలో కూర్చునే బాపట్ల వాస్తవ్యుడి ఓటు కృష్ణా–గుంటూరులో. ఇద్దరికీ ఓటు పోలేదన్నది ముఖ్యం. కాలేజీ మారినా, క్లాసు మారినా, ఇల్లు మారనంతవరకు మనిషి స్థానం కదలదు. నిలకడ లేని ఉద్యోగానికి నిలకడ ఉన్న చిరునామాను ఆసరాగా ఇచ్చారన్నమాట. ఇది తెలిసి చేశారో, అలా కుదిరిందో చెప్పలేను గానీ, కుదిరిన తీరు మాత్రం ముచ్చటగా ఉంది.

పనితనం మెచ్చుకునేవాడు అతుకులు కూడా చూడాలి. ఈ వాక్యం కాగితం మీద ఎంత గట్టిగా ఉందో, మనుషుల చేతుల్లోకి వెళ్లేచోట అంత పలచనగా ఉంది. ఉపాధ్యాయ నియోజకవర్గం జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. ఆ ఏడాది నవంబరు 1 అర్హత తేదీ. ఫారం 19 నింపాలి, దానికి సంస్థ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి. చట్టం అడగని ప్రశ్నలన్నీ ఆ సంతకం దగ్గర లేస్తాయి. ఏ ఊరో ఏ కాలేజీయో అక్కర్లేదు, ఈ సంభాషణ ఎక్కడైనా వినపడేదే:

‘సార్, ఈ ఫారం మీద మీ సంతకం కావాలండీ.’

‘నీకు మొన్నే కదయ్యా రెన్యువల్ అయింది. మూడేళ్లెక్కడివి?’

‘బ్రేకులు తీసేసినా నలభై నెలలొస్తాయండీ. పోయిన రెండేళ్లవీ టైమ్ టేబుళ్లు తెచ్చాను.’

‘టైమ్ టేబుల్ కాదు, ఆర్డర్ కాపీ ఉండాలి. సంతకం పెట్టాక రేపు ఇది పట్టుకుని రెగ్యులర్ చెయ్యమని కోర్టుకు వెళ్తారు మీరు.’

‘ఓటు కోసమేనండీ…’

‘చూద్దాంలే. పెట్టి వెళ్లు.’

ఆ ప్రిన్సిపాల్‌ను దుర్మార్గుడనుకోనక్కర్లేదు. మూడేళ్లు పనిచేశాడని రాసిచ్చిన కాగితం ఎప్పుడు ఎక్కడ తేలుతుందోనన్న భయం ఆయనది. యాజమాన్యం అడిగితే ఏం చెప్పాలన్న భయమూ ఉంది. సెక్షన్ రాసినవాళ్లు మనిషిని కొలిచే కొలత సరిగ్గా పట్టారు. కొలిచే చెయ్యి ఎవరిదన్న దగ్గర ఆగిపోయారు. ఇంకో లోపం గంటల్లో ఉంది. బోధనలో ఉండటం అంటే వారానికి ఎన్ని గంటలో సెక్షన్ చెప్పదు. కాంట్రాక్టు లెక్చరర్‌కు దీనితో ఇబ్బంది లేదు, రోజంతా కాలేజీలోనే ఉంటాడు. గంటల లెక్కన వచ్చిపోయే గెస్ట్ లెక్చరర్ దగ్గరికి వచ్చేసరికి, మాట్లాడని ఆ చోట ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకునే వీలుంది. పోనీ, ఓటేసి గెలిపించిన మనిషి ఉపాధ్యాయుడేనా అంటే, కానక్కర్లేదు. పట్టభద్రుల నియోజకవర్గం గురించి 1972లో సుప్రీంకోర్టు ఓటరుకు పట్టా ఉండాలి గానీ అభ్యర్థికి అక్కర్లేదని తేల్చింది. ఉపాధ్యాయ స్థానాల తర్కమూ అదే.

ఇవన్నీ పక్కన పెట్టినా పెద్ద చిక్కు ఒకటి మిగులుతుంది. ఇది చట్టసభకు వేసే ఓటు. సిలబస్ నిర్ణయించే మండలికి కాదు, పరీక్షల షెడ్యూలు వేసే కమిటీకి కాదు. విశ్వవిద్యాలయ చట్టాన్ని మార్చగల సభకు ప్రతినిధిని పంపడంలో తెనాలి కాంట్రాక్టు లెక్చరర్‌కు పాత్ర ఉంది, తాను చెప్పే పేపరులో మూడో యూనిట్ ఉండాలా వద్దా అన్నచోట లేదు.

అలాగని రెగ్యులర్ ప్రొఫెసర్‌కేదో పెద్ద పీట వేశారని కాదు. అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1913 మేలో బాపట్లలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం, వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరికలు ఊపందుకున్న రోజులవి. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి సెనేట్, సిండికేట్ ఉండేవి, ఎన్నికై వచ్చే సభ్యులుండేవారు. గుంటూరులో దాని పీజీ కేంద్రం 1967లో వచ్చింది. అదే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. తర్వాత 1991 చట్టంతో పాత సెనేట్, సిండికేట్ల కాలం పోయి పాలకమండలి వచ్చింది. అందులో పదవి రీత్యా కూర్చునేవాళ్లు కొందరు, ప్రభుత్వం నామినేట్ చేసేవాళ్లు మిగతావాళ్లు. కాబట్టి అక్కడ ఓటు లేనిది గెస్ట్ లెక్చరర్ ఒక్కడికే కాదు. ఆ మాట ఒప్పుకుంటేనే తర్వాతి వాక్యం విలువ తెలుస్తుంది.

రెండో వాక్యం చాలా చిన్నది. తెనాలి జేఎంజే మహిళా కళాశాల, బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల లాంటి స్వయంప్రతిపత్తి సంస్థలు తమ సిలబస్ తామే రాసుకుంటాయి. అది రాసేచోటు బోర్డ్ ఆఫ్ స్టడీస్, కాలేజీ భాషలో బీఓఎస్. అందులో ఎవరుండాలో యూజీసీ నిబంధనలు ఒక జాబితా ఇచ్చాయి. శాఖాధిపతి చైర్మన్. బయటి నుంచి ఇద్దరు నిపుణులు. వైస్ చాన్సలర్ నామినేట్ చేసేవారు ఒకరు. పరిశ్రమ నుంచి ఒకరు. పూర్వ విద్యార్థి ఒకరు. ఈ ఒకరు, ఇద్దరు లెక్కల మధ్యలో, రెండో వరసలో, ఆ విభాగంలోని అధ్యాపకులంతా అని ఉంది. అంతే. సంఖ్య లేదు, హోదా లేదు, సీనియారిటీ లేదు.

జాబితాలు రాసే మనిషికి వచ్చే మొదటి ప్రలోభం వర్గాలుగా విడగొట్టడం. ప్రొఫెసర్లు ఇందరు, అసోసియేట్లు ఇందరు, అసిస్టెంట్లు ఇందరు అని. ఇక్కడ ఆ ప్రలోభాన్ని నిగ్రహించుకున్నారు. అంతా అన్నారు కాబట్టి ఎవరినైనా బయట పెట్టాలంటే, పెట్టేవాడే కారణం చెప్పాలి. లోపలికి రావాలనుకునేవాడు అర్జీ పెట్టుకోనక్కర్లేదు. భారం ఎవరి మీద వేయాలో తెలిసిన డ్రాఫ్టింగ్ ఇది. కెమిస్ట్రీలో నలుగురుంటే, అందులో ఇద్దరు మేనేజ్‌మెంట్ స్టాఫ్ అయితే, మినిట్స్ బుక్కులో నాలుగు సంతకాలు ఉండాలి.

అదే నిబంధనల్లో ఇంకొంచెం పైకి ఎక్కండి. అకడమిక్ కౌన్సిల్‌లో అధ్యాపకులు నలుగురే, సర్వీసు సీనియారిటీని బట్టి వంతుల వారీగా వస్తారు. గవర్నింగ్ బాడీలో ఇద్దరే, సీనియారిటీ చూసి ప్రిన్సిపాల్ నామినేట్ చేస్తారు. కింది మెట్టు మీద అంతా, పై మెట్టు మీద సీనియర్లు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఏటా రెన్యువల్‌తో సర్వీసు మళ్లీ మొదలయ్యే మనిషికి సీనియారిటీ ఎప్పుడు పండుతుంది? వంతు అన్నది క్యూలో నిలబడ్డవాడికి వస్తుంది. ప్రతి వేసవిలోనూ క్యూలోంచి బయటికి పంపితే ఆ వంతు రాదు. 27వ సెక్షన్‌లోని ‘మొత్తం కలిపి’ అన్న మాటను ఎవరైనా తెచ్చి ఈ సీనియారిటీ పక్కన పెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఒక చట్టంలో దొరికిన మంచి పనిముట్టు పక్క నిబంధన రాసేవాడి కంటపడదు. మన శాసన రచనలో నాకు ఎప్పుడూ అసంతృప్తి కలిగించేది ఇదే.

బీఓఎస్‌లో కూర్చుంటే ఏమవుతుంది అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 2023–24 నుంచి మన డిగ్రీ కాలేజీల్లో ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చింది. మూడు సబ్జెక్టుల పాత కాంబినేషన్లు పోయాయి. ఏ పేపరు ఏ సెమిస్టర్లో పడుతుంది, వారానికి ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఉందా అన్నదాన్ని బట్టి ఒక శాఖలో వర్క్‌లోడ్ తేలుతుంది. వర్క్‌లోడ్‌ను బట్టి గెస్ట్ లెక్చరర్ ఉంటాడా ఊడతాడా అన్నది తేలుతుంది. వాళ్లను కూర్చోబెడితే తమ గంటలు పెంచుకోవడానికే చూస్తారని కొందరంటారు. నిజమే కావచ్చు. గంటలు కాపాడుకోని శాఖాధిపతిని మీరెక్కడైనా చూశారా? ఫస్టియర్ క్లాసులు ఎక్కువగా ఈ తాత్కాలికుల నెత్తినే పడతాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్ల ఏ యూనిట్ దగ్గర బిగుసుకుపోతుందో వాళ్లకు తెలిసినట్టు, పీజీ క్లాసులు మాత్రమే చెప్పే పెద్దలకు తెలియదు. ఆ తెలిసిన మనిషి నోరు సమావేశంలో ఉండాలన్నదే ఆ చిన్న వాక్యం ఉద్దేశం.

ఇక్కడ ఒక పక్కదారి. రేపల్లె బండి ఆగే భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ స్తూపం తవ్విస్తే ధాతు పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన హాజరు పట్టిక అనుకోవచ్చు. ఉమ్మడి పనిలో చేయి వేసినవాళ్ల పేర్లు రాయించాలన్న పట్టింపు ఆ మనుషులకు ఉంది. ఆ దారినే పోయి వచ్చే పార్ట్ టైమ్ లెక్చరర్ తయారుచేసిన సిలబస్ మీద, ప్రశ్నల బ్యాంకు మీద, ఆయన పేరు ఎక్కడా కనబడదు.

పేరు కనబడకూడదని గట్టిగా రాసిన వాక్యం కూడా ఒకటుంది. అయిష్టంగానే దాని పనితనమూ ఒప్పుకోవాలి. 2019 జనవరిలో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీ మార్గదర్శకాలు సవరించింది. పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000కు మించకుండా. అర్హతలు రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఉన్నవే. అంతవరకు పాత దానికంటే నయం. ఆ తర్వాత, విశ్వవిద్యాలయ చట్టబద్ధ మండళ్లలో సభ్యులయ్యే ఓటు హక్కు విషయంలో వీళ్లను రెగ్యులర్ అధ్యాపకులతో సమానంగా చూడకూడదని తేల్చేసింది. సందు లేదు, సందేహం లేదు, ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు. చేర్చే వాక్యాలు అతుకుల దగ్గర ఊగుతుంటే, తీసేసే వాక్యం ఇంత నున్నగా కుదరడం చూస్తే ఒళ్లు మండుతుంది. నెట్ పాసై, పీహెచ్‌డీ చేసి, అదే అర్హతతో అదే పాఠం చెప్పే మనిషికి ఆ తేడా ఎందుకో అక్కడ ఒక్క ముక్క కారణం లేదు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని యూజీసీ తన 2018 అధ్యాపక నియామక నిబంధనల్లో రాసుకుంది. తాత్కాలికులు కొద్దిమందే ఉంటే, వాళ్లకు ఓటు లేకపోవడం చిన్న విషయంలా కనిపించొచ్చు. 2025 జనవరి ముసాయిదాలో ఆ పరిమితే ఎత్తేశారు. పరిమితి పోతే ఓటు లేనివాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

మూడో వాక్యం పరాయి దేశానిది. అసలు అది ఒక వాక్యం కాదు, వరసగా వచ్చే సూచనలు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ ప్రొఫెసర్స్ 1915లో పుట్టిన సంఘం, తత్వవేత్త జాన్ డ్యూయీ దాని మొదటి అధ్యక్షుడు. విశ్వవిద్యాలయ పాలనలో అధ్యాపకుల పాత్రేమిటో 1966లోనే ఒక ప్రకటన చేసింది. 2012 నాటికి అక్కడ బోధన ఎక్కువ భాగం టెన్యూర్ అనే శాశ్వత నియామకం లేనివాళ్ల చేతుల్లోకి వచ్చేసింది. పాత ప్రకటన ఎవరి గురించి రాశారో వాళ్లే తక్కువైపోయారు. అప్పుడు ఈ నివేదిక వచ్చింది. దీన్ని చదివితే, మన సంభాషణలోని ప్రిన్సిపాల్ గదిలో కాసేపు కూర్చుని వచ్చినవాళ్లే రాశారా అనిపిస్తుంది.

మొదట నిర్వచనం దగ్గర నిలబడ్డారు. ప్రధానంగా బోధనో పరిశోధనో చేసేవాళ్లంతా అధ్యాపకులే అన్నారు. పూర్తికాలం, పార్ట్ టైమ్ తేడా లేదు. ప్రధానంగా ఆ పనే చేసే గ్రాడ్యుయేట్ విద్యార్థి ఉద్యోగులనూ కలిపారు. దీని అర్థం ఎంతవరకు పోతుందో చూడండి. బాపట్లలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లి, అక్కడ క్లాసులు చెప్పే పనిలో కుదిరిన కుర్రాడు ఈ నివేదిక లెక్కలో ఓటున్న అధ్యాపకుడు. వాడికి ఇక్కడ పాఠం చెప్పి పంపిన గెస్ట్ లెక్చరర్ యూజీసీ లెక్కలో కాడు.

తర్వాత కాలం షరతు. సర్వీసు ఇంత ఉండాలని సంస్థ పెట్టుకోదలిస్తే పెట్టుకోవచ్చు, కానీ పూర్తికాలం వాళ్లకూ పార్ట్ టైమ్ వాళ్లకూ అదే కొలత ఉండాలన్నారు. ఒక మనిషికి ఒక ఓటు, అంతే. సగం మనిషికి సగం ఓటు అనే లెక్క కుదరదు. తాత్కాలికులకు ఇన్ని సీట్లని కనిష్ఠమో గరిష్ఠమో పెట్టకపోవడమే మంచిదన్నారు. మొదటిసారి చదివినప్పుడు ఈ మాట నాకు నచ్చలేదు. రిజర్వు చేయకపోతే ఎవరు గెలవనిస్తారు? ఆలోచిస్తే వాళ్ల భయం అర్థమైంది. రెండు కుర్చీలు కేటాయిస్తే ఆ రెండే చివరి హద్దు అవుతాయి, మూడో మనిషి వస్తే ‘మీవి రెండేగా’ అంటారు. అయినా మన పరిస్థితుల్లో మొదట్లో కేటాయింపే నయమని ఇప్పటికీ అనుకుంటాను. మొదట్లో తాత్కాలిక ఏర్పాటుగా అలా చేయొచ్చని నివేదిక కూడా ఒప్పుకుంది.

అసలు పనితనం అతుకుల దగ్గర కనిపిస్తుంది. తాత్కాలికుడు శాఖాధిపతి చెప్పినట్టే చెయ్యెత్తుతాడు కాబట్టి వాడి ఓటు శాఖాధిపతికి రెండో ఓటేనన్నది అన్ని దేశాల్లోనూ వినిపించే మాట. దానికి నివేదిక జవాబు, ఓటు తీసేయడం కాదు. ఓటేసినా, వేయకుండా ఊరుకున్నా ఎందుకని ఎవరూ అడగకూడదు, ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు అని రాశారు. పాలన పనుల్లో అన్న మాటకు, చేసిన పనికి ప్రతీకారంగా పనిగంటలు, జీతం, నియామకం ఏదీ కదిలించకూడదని సంస్థ విధానాల్లో స్పష్టంగా రాసుకోవాలన్నారు. కమిటీల్లో కూర్చునే సమయం కూడా పనే, దానికి తగ్గట్టు జీతం ఉండాలన్నారు. ఒక మినహాయింపు నిజాయితీగా ఒప్పుకున్నారు. టెన్యూర్ ఉన్నవాళ్ల పనిని మదింపు చేసేచోట తాత్కాలికులను పక్కన పెట్టినా తప్పు లేదన్నారు. తన ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీదే మార్కులు వేయమంటే ఎవరు స్వేచ్ఛగా వేయగలరు? అంతా సమానమే అని రాసేసి చేతులు దులుపుకోకుండా, ఎక్కడ సమానత నిలబడదో అక్కడ గీత గీసి చూపించారు.

ఇదంతా సలహానే, చట్టం కాదు. అక్కడి సంస్థల్లో ఫ్యాకల్టీ సెనేట్లు ఉన్నాయి కాబట్టి ఎవరిని చేర్చాలన్న ప్రశ్న వచ్చింది. మన దగ్గర మండళ్లే నామినేషన్లతో నిండుతున్నప్పుడు నివేదికలో సగం మాటలకు తగిలించుకునే కొక్కెం దొరకదు. దొరికే ఒకే ఒక్క చోటు ఆ బీఓఎస్, ఎందుకంటే అక్కడ ‘అంతా’ అని ఇప్పటికే రాసి ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, జీవో కోసం వెలగపూడి సచివాలయం వైపు చూడనక్కర్లేదు.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ ఏదైనా చేయగలిగింది చాలా మామూలు పని. బీఓఎస్ నోటీసు శాఖలో అందరి పేర్లతో, హోదాల కాలమ్ లేకుండా పంపడం. సమావేశాన్ని గెస్ట్ లెక్చరర్ కాలేజీకి వచ్చే రోజున, ఆయన క్లాసులకు పక్క గంటలో పెట్టడం. తెనాలిలో క్లాసు ముగించుకుని రేపల్లె వెళ్లాల్సిన మనిషి సాయంత్రం నాలుగింటి సమావేశానికి ఎలా ఆగుతాడు? మినిట్స్ బుక్కులో ఎవరు ఏ మార్పు చెప్పారో పేరుతో రాయడం. ఆ గంటలను పాఠం గంటలుగానే హాజరు పుస్తకంలో ఎక్కించి బిల్లు చేయడం. యూజీసీ చెప్పిన 1,500 లెక్కనే చూసుకున్నా, రెండు గంటల సమావేశానికి ఒక్కొక్కరికి 3,000. బయటి నుంచి వచ్చే ఇద్దరు నిపుణులకు టీఏ, గౌరవ వేతనం ఇచ్చే పద్దు ఆ ఫైల్లో ఎలాగూ ఉంటుంది. దాని కిందే ఇంకో గీత కొట్టి ఈ పేర్లూ రాసుకుంటే సరిపోతుంది.